ఒక్క మనిషి అడుగులు

ఆ రాజ్యంలో రోడ్డు కావాలంటే అడుగులు చూపించాలి.

రోడ్ల ఖజానా రాజధానిలో ఉంది. దాని తలుపుకు కొట్టిన రాగిరేకు మీద ఒక నియమం చెక్కి ఉంటుంది. ఎక్కడ ఎక్కువ అడుగులు పడతాయో అక్కడికి రోడ్డు వెళ్తుంది. నియమం చిన్నది. చదవడానికి అందంగా ఉంటుంది. ధనికుడికీ పేదవాడికీ ఒక్కటే. దాని కింద రంగుల్లో ఒక నినాదం రాశారు: ప్రతి అడుగుకూ ఒక దారి.

రాజధానిలో అడుగులు ఎక్కువ, అందుకని అక్కడ రోడ్లు ఎక్కువ. రోడ్లు ఎక్కువ కాబట్టి జనం అక్కడికే వచ్చి నడిచారు. వాళ్ళు నడిచారు కాబట్టి మళ్ళీ రోడ్డు వేశారు. చివరికి ఒక మిఠాయి దుకాణానికి నాలుగు వైపులా నాలుగు రోడ్లు, నెత్తిమీద ఒక వంతెన వచ్చాయి. రోడ్డు లేని ఊళ్ళ నుంచి జనం వెళ్ళిపోయారు. జనం వెళ్ళిపోయిన చోట అడుగులు లేవు కాబట్టి రోడ్డు రాలేదు. దీన్ని న్యాయం అన్నారు. పిల్లల పుస్తకాల్లో పాఠంగా పెట్టారు.

రాజ్యం అంచున ఒక కొండ ఉంది. రోడ్డు ఆ కొండ కింద, ఒక రేకుల షెడ్డు ముందు ఆగిపోతుంది. బస్సు ఆ షెడ్డు దాకా వస్తుంది, వచ్చిన రోజున. అక్కడినుంచి కొండమీది ఊరికి సగం పొద్దు నడక. ఆ ఊరివాళ్ళు మాత్రం ఎక్కడికీ వెళ్ళిపోలేదు.

వాళ్ళు నడిచే పద్ధతి వేరు. ముందు ఒకరు నడుస్తారు. ఊళ్ళో అందరికంటే ఎక్కువసార్లు దిగి ఎక్కిన మనిషి ఎవరో వాళ్ళే ఆ ఒకరు. మిగిలినవాళ్ళు ఒకరి వెనక ఒకరు వస్తూ, ముందు మనిషి పాదం లేచిన చోటే తమ పాదం పెడతారు. ఆ కొండమట్టి ఉప్పులాంటిది. కొత్తచోట తొక్కితే జారి కిందనున్న సామ చేనుమీద పడుతుంది.

అంతకంటే పెద్ద కారణం డోలీ. నడవలేని మనిషిని దుప్పటి ఉయ్యాలలో పడుకోబెట్టి, దుప్పటిని గడకు కట్టి, ఇద్దరు భుజాన మోస్తారు. ముందువాడు తొక్కినచోటే వెనకవాడు తొక్కకపోతే గడ ఊగుతుంది. గడ ఊగితే లోపలి మనిషి మూలుగుతుంది. దారిలో ఎవరైనా భుజం మార్చవలసి రావచ్చు. అందుకని ఊరు ఊరంతా ఒక్కలాగే నడవడం నేర్చుకుంది. అందరి కుడికాళ్ళూ ఒకేసారి లేస్తాయి, అందరి ఎడమకాళ్ళూ ఒకేసారి లేస్తాయి. ఆ ఊళ్ళో పిల్లలు మాటలకంటే ముందు ఇది నేర్చుకుంటారు.

దారి మధ్యలో బోడిబండ ఉంది. అక్కడ దారి ఒక్క మనిషి వెడల్పు. ఒక పక్క గోడలాంటి కొండ, ఇంకో పక్క లోయ. ఆ రాతిలో నూట పన్నెండు అడుగుజాడలున్నాయి. ఎవరూ ఉలితో చెక్కలేదు. పాదాలే తొలిచాయి. మొదటి అడుగు వేసిందెవరో కథల్లో కూడా లేదు. ఇప్పుడు ఒక్కో జాడ జానెడు లోతు.

ఆ రోజుల్లో ముందు నడిచేది ఒక ముసలామె. ఆమెను ఊరంతా మామ్మ అని పిలిచేవారు. ఆమెకు ఒక మనవరాలు ఉంది. రెండేళ్ళ కిందట వానల్లో, నొప్పులు పడుతున్న ఆ మనవరాల్ని డోలీలో దించారు. బోడిబండ దాటేసరికి కడుపులో బిడ్డ కదలడం మానేసింది. ఇప్పుడు ఆమెకు మళ్ళీ నాలుగో నెల. శ్రావణానికి కాన్పు. శ్రావణంలో మళ్ళీ అవే వానలు.

అందుకని ఊరివాళ్ళు రోడ్డుకి అర్జీ పెట్టారు. ఫాల్గుణంలో అడుగుల గుమాస్తా వచ్చాడు.

గుమాస్తా సన్నటి మనిషి. చంకలో రిజిస్టరు, చేతిలో జల్లెడ, భుజాన ముగ్గుపిండి సంచి. షెడ్డులో గచ్చుమీద ఈ గోడనుంచి ఆ గోడదాకా పిండి జల్లించి, ఎవరూ తొక్కకుండా తాడు కట్టాడు.

"రేపు పొద్దున్న మీరందరూ దీని మీంచి నడవాలి. నేను అడుగులు చూసి రాసుకుంటాను" అన్నాడు.

"మా మొహాలు సూసి రాసీవొచ్చు గదా బాబూ. కావాలంటే ఊరంతా వొచ్చి నీకెదురుగా కూకుంటాం" అంది మామ్మ.

"మనుషుల్ని చూసి రాయకూడదమ్మా. మనుషులు అబద్ధమాడతారు. అడుగులు ఆడవు."

"మరి నీకు కళ్ళున్నాయి గదా?"

"ఉన్నాయమ్మా. అవి ఉద్యోగంలో లేవు."

మర్నాడు పొద్దున్న ఊరంతా దిగింది. తలంటుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చారు. ఏళ్ళతరబడి గడప దాటనివాళ్ళు కూడా కర్ర పట్టుకుని వచ్చారు. మొత్తం మూడు వందలమంది. మామ్మ షెడ్డులోకి మొదటి అడుగు వేసింది.

అది వాళ్ళ జీవితంలో పెద్దరోజు. అందుకని ఎన్నడూ నడవనంత బాగా నడిచారు. ఒక్క వేలు పక్కకి పోలేదు. ఒక్క మడమ తడబడలేదు. ముసలివాళ్ళు ఊపిరి బిగబట్టి నడిచారు. అటు చివరకి వెళ్ళాక వెనక్కి తిరిగి, బాగా చేశామా అన్నట్టు గుమాస్తా వైపు చూశారు.

పిండిలో పద్దెనిమిది అడుగులు పడి ఉన్నాయి. కత్తితో కోసినట్టు అంచులు కూడా చెదరలేదు.

గుమాస్తా చుట్టూ తిరిగి చూశాడు. వంగి చూశాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. 'ఎంతమంది' అన్న గడిలో 'ఒకరు' అని రాశాడు.

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక మనవరాలి అన్న ముందుగా నవ్వాడు. డోలీకి ముందు గడ పట్టేది అతనే. వెనక గడ పట్టేది ఆమె మొగుడు.

"ఇంకోసారి నడుస్తాం బాబూ. ఈసారి ఎవురికాళ్ళు ఆళ్ళవి" అన్నాడు అన్న.

గుమాస్తా దుర్మార్గుడు కాడు. సంచి దులిపి, ఉన్న పిండంతా మళ్ళీ జల్లించాడు. "కలిపి తొక్కకండి. రాజధానిలో ఎలా నడుస్తారో అలా నడవండి. ఒకరికొకరు సంబంధం లేనట్టు" అని చెప్పాడు.

వాళ్ళు నిజంగానే ప్రయత్నించారు. మొదటి నలుగురు తలా ఒక వేలెడు పక్కకి పాదాలు జరిపారు. ఐదో మనిషి కాలు నాలుగో మనిషి జాడలోకి వెళ్ళిపోయింది. తర్వాత అందరి కాళ్ళూ వెళ్ళిపోయాయి.

"బావా, నా జాడలో కాలెట్టొద్దన్నాను గదా."

"నానెట్టలేదు. అదే ఎల్లిపోనాది."

"నీ కాలు నీ మాటినదా?"

"ఇంటదిగానీ, నీ ఎనక నడిసేటప్పుడు కాదు."

జనం కడుపులు పట్టుకుని నవ్వారు. గుమాస్తా కూడా నవ్వు ఆపుకుంటూ వంగి చూశాడు. "కాస్త లావు మనిషి. ఒకరు" అని రాశాడు.

మనవరాలు మాత్రం నవ్వలేదు. పొట్టమీద చెయ్యి వేసుకుని తాడు పక్కన నిలబడి ఉంది. "అయితే శ్రావణానికి రోడ్డు రాదా మామ్మా?" అని అడిగింది.

మామ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని కొండవైపు తిరిగింది.

రిజిస్టరులో ఇంకో గడి మిగిలింది. 'లోతు'. అన్నిచోట్లా గుమాస్తా దానిలో గోరంత అనో, గోరులో సగం అనో రాసేవాడు. నియమం ప్రకారం దారి మధ్యలో కూడా కొలవాలి కాబట్టి బోడిబండ దాకా ఎక్కాడు. కొలబద్ద జాడలో దించాడు. తీసి, తుడిచి, మళ్ళీ దించాడు. 'జానెడు, రాతిలో' అని రాశాడు.

రిజిస్టరు రాజు ముందుకు ఆషాఢంలో వచ్చింది.

"ఒక్క మనిషి కోసం రోడ్డు అడుగుతున్నారు ప్రభూ" అన్నాడు రోడ్ల మంత్రి. "ఇలాంటివాటికి పెడుతూ పోతే ఖజానా ఏమవ్వాలి? అవతల మిఠాయి దుకాణం కింద సొరంగం పని ఆగిపోయి ఉంది."

రాజు తల ఊపి సంతకానికి కలం తీశాడు. చివరి గడి దగ్గర కలం ఆగింది.

రాజ్యంలో చాలాచోట్ల రాజుగారి పాదముద్రలు రాళ్ళమీద ఉన్నాయి. వాటికోసం శిల్పులు రాత్రింబవళ్ళు ఉలులు అరగదీశారు. తన పాదం రాతిలోకి తనంతట తాను ఒక వెంట్రుకవాసి కూడా దిగదని రాజుకు తెలుసు. ఆ సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు.

"ఎవడు వాడు?" అన్నాడు.

మంత్రి రిజిస్టరు తిరగేశాడు.

"రాతిని తొక్కితే జానెడు దిగింది. వాడి బరువెంత? వాడు రాజధానికి నడిచి వస్తే మన రోడ్లు ఆగుతాయా?"

ఆ రాత్రి రాజుకు నిద్ర పట్టలేదు. భయమో భక్తో ఆయనకే తెలియలేదు. వాణ్ణి కళ్ళారా చూడాలనుకున్నాడు.

శ్రావణంలో, వాన పడుతున్న ఒక ఉదయం, రాజుగారి మోటారు రేకుల షెడ్డు ముందు ఆగింది. ఆయన వెంట తెచ్చుకున్న గుమాస్తాను మళ్ళీ పిండి జల్లించమన్నాడు. భటుల్ని షెడ్డులోనే ఉండమన్నాడు. అంతటి మనిషి ఎదురుపడితే చెప్పులతో నిలబడడం బాగుండదని చెప్పులు విడిచాడు. ఒంటరిగా కొండ ఎక్కాడు.

బోడిబండ మీద మొదటి జాడ దగ్గర ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. జాడలో వాననీళ్ళు నిండి ఉన్నాయి. చెయ్యి ముంచి అడుగు తడిమాడు. తరాలపాటు రుబ్బిన రోలు లోపలిలా నున్నగా ఉంది. మడమ పల్లం వేరుగా, బొటనవేలి పల్లం వేరుగా చేతికి తెలిసింది. తల ఎత్తితే అలాంటివే ఒకదాని తర్వాత ఒకటి, నూట పన్నెండు, మంచులోకి ఎక్కిపోతున్నాయి. ఒక్కోదానిలో ఆకాశం ఒక్కో ముక్క ఉంది.

ఆయన ఒక్కోదాన్నీ తడుముతూ పైకి ఎక్కి, చివరి జాడ దగ్గర కూర్చుని ఉండగా పైనుంచి శబ్దం వినిపించింది.

ఒక్క అడుగు. విరామం. ఇంకో అడుగు. రాయి అదిరింది. జాడల్లో నీళ్ళు వలయాలుగా కదిలాయి. రాజు లేచి నిలబడి, తనకు తెలియకుండానే చేతులు జోడించాడు. వస్తున్నది ఎవరైనా, తన రాజ్యం వాడి పాదాల మీద నిలబడి ఉందని ఆ క్షణంలో అనిపించింది.

మంచులోంచి ఒక ముసలామె వచ్చింది. ఆమె వెనక ఒక గడ, గడకు వేలాడుతున్న దుప్పటి. ఆ వెనక ఒక మనిషి, ఇంకో మనిషి, ఇంకో మనిషి. వరస మంచులోకి వెళ్ళి కనిపించకుండా పోయింది. పాదాలు వందలు. శబ్దం ఒక్కటే.

దుప్పట్లోంచి మూలుగు వినిపించింది.

"పక్కకి తప్పుకో నాయనా" అంది మామ్మ. ఆమె రాజును ఎప్పుడూ చూడలేదు.

రాజు పక్కకి చూశాడు. ఒకవైపు గోడ. ఒకవైపు లోయ. పక్క అనేది అక్కడ లేదు.

"తప్పుకోడానికి చోటు లేదమ్మా."

"అయితే ముందు నడు. ఆగకు. పిల్లకి తెల్లారగట్లనించి నొప్పులు."

రాజు వెనక్కి తిరిగాడు. పాదం గాల్లోకి ఎత్తి, రాతి అంచుమీద పెట్టబోయాడు.

"అక్కడ కాదు" అంది వెనకనుంచి మామ్మ. గొంతు పెంచలేదు. "గుంటలో ఎయ్యి, మడం ముందుగా దించు. నువ్వెక్కడేస్తే నేనక్కడేస్తాను. నేనెక్కడేస్తే ఈళ్ళందరూ అక్కడేస్తారు. సూసుకుని ఎయ్యి."

రాజు తన జీవితంలో ఎన్నో శాసనాలు వేశాడు. అవి ఎవరి కాళ్ళ కింద ఎలా పడ్డాయో వెనక్కి తిరిగి చూడలేదు. ఇప్పుడు ఒక్క అడుగు వెయ్యడానికి ఆయన ఒళ్ళంతా చెమట పట్టింది, అంత వానలోనూ. మడమ దించాడు. నీళ్ళ అడుగున రాయి ఆయన పాదాన్ని పట్టుకుంది. ఎవరో కింద అరచెయ్యి పట్టినట్టు.

"ఆఁ. అదే. రెండోది" అంది మామ్మ.

రెండోది వేశాడు. వెనక మూడు వందల పాదాలు అదే అడుగు వేశాయి. ఆ బరువు రాతిలోంచి ఆయన అరికాలులోకి వచ్చి, మోకాలు ఎక్కి, గుండెలో ఆగింది. తను చూడాలని వచ్చిన మనిషి ఎవరో రాజుకు తెలిసింది. వాడు తన వెనకే ఉన్నాడు. తనమీద నమ్మకం పెట్టి నడుస్తున్నాడు.

"బావా, ముందెవురో కొత్తోడు. గడ అదురుతోంది" అంది ముందు గొంతు.

"నేర్సుకుంటన్నాడులే. నువ్వు భుజం వొంచకు" అంది వెనక గొంతు.

నూట పన్నెండు అడుగులు. రాజు ఒక్కదాన్నీ మరిచిపోలేదు. బోడిబండ దాటాక ఉప్పుమట్టి దారిలోనూ మామ్మ వెనకనుంచి చెబుతూనే ఉంది, ఆయన వేస్తూనే ఉన్నాడు. షెడ్డులోకి వచ్చాడు. గుమాస్తా జల్లించిన పిండిమీద నడిచాడు. ఆయన వెనక అందరూ నడిచారు.

భటులు లేచి వంగి దండం పెట్టారు.

"ఈ మోటారెవురిది?" అని అడిగింది మామ్మ.

"రాజుగారిది. నీ ముందు నడిచిందాయనే" అన్నాడు ఒక భటుడు.

మామ్మ ఆయన్ని తలనుంచి కిందిదాకా చూసింది. పాదాల దగ్గర కాస్త ఎక్కువసేపు చూసింది. "నడక రాదుగానీ, సెప్తే ఇంటావు" అంది. రాజు మోటారు తలుపు తనే తీశాడు.

మనవరాల్ని వెనకసీటులో పడుకోబెట్టారు. మామ్మ ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది. మొగుడు ముందు, డ్రైవరు పక్కన ఎక్కాడు. దారిలో బురదకి బండి దిగబడితే తొయ్యడానికి భటులు వెనక వేలాడారు. మోటారు ఆసుపత్రివైపు వెళ్ళిపోయింది. షెడ్డులో రాజు, గుమాస్తా, కొండమీది మూడు వందలమంది మిగిలారు.

"బస్సు ఎప్పుడొస్తుంది?" అని అడిగాడు రాజు.

"దానికి బుద్ధి పుట్టినప్పుడు బాబూ" అన్నాడు మనవరాలి అన్న. "నిన్న పుట్టలేదు. మొన్నా పుట్టలేదు. కూకో."

రాజు వాళ్ళమధ్య నేలమీద కూర్చున్నాడు. ఎవరో సామ అన్నం ఆకులో పెట్టి ఇచ్చారు. తిన్నాడు. అందరూ రోడ్డు మలుపువైపు చూస్తున్నారు. రాజు కూడా అటే చూశాడు. చూసేకొద్దీ రోడ్డు ఎంత పొడవుగా ఉంటుందో ఆయనకు మొదటిసారి తెలిసింది.

గుమాస్తా పిండి దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఎంతమంది?" అన్నాడు రాజు.

"ఒకరు ప్రభూ."

"నేను కూడా నడిచాను కదా."

"నా కళ్ళకు తెలుసు ప్రభూ."

"నా అడుగేది?"

గుమాస్తా చాలాసేపు వెతికాడు. "అన్నిటికంటే కింద ఉంటుంది ప్రభూ. మీ మీంచి అందరూ నడిచారు" అన్నాడు. తర్వాత రిజిస్టరు తెరిచి, పెన్సిలు పట్టుకుని, "ఎంతమందని రాయమంటారు?" అని అడిగాడు.

రాజు మళ్ళీ రోడ్డు మలుపువైపు చూశాడు.

పొద్దు వాలాక బస్సు వచ్చింది. కండక్టరు మెట్టుమీద వేలాడుతూనే అరిచాడు. "కొండమీదోళ్ళు ఎవరు? మీ పిల్ల కన్నదంట. ఆడబిడ్డ. తల్లీ బిడ్డా కులాసా. ముసలామె చెప్పమంది."

ఎవరూ కేక వెయ్యలేదు. మూడు వందలమంది పొద్దుటినుంచి పట్టి ఉంచిన ఊపిరి ఒకేసారి వదిలారు. నెత్తిమీది రేకులు గలగలమన్నాయి. గచ్చుమీది ముగ్గుపిండి పొగలా లేచి, ఆ అడుగులతో సహా గాలిలో కలిసింది.

అప్పుడు వాళ్ళు లేచారు. ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. ముందు చోటు ఖాళీగా ఉంది. ఎవరూ కదల్లేదు.

"ఎవరికోసం ఆగారు?" అన్నాడు రాజు.

"మామ్మ లేదు గదా" అన్నాడు అన్న. "దించినోడే ఎక్కించాల. మాకదే వాడుక."

బస్సు తిరిగి నిలబడింది. ఇంజను ఆపలేదు. తలుపు తెరిచే ఉంది. "రాజధాని, రాజధాని. ఎక్కేవాళ్ళెవరండీ?" అన్నాడు కండక్టరు.

రాజు వచ్చి వరస ముందు నిలబడ్డాడు. ఎడమవైపు బస్సు ఉంది. కుడివైపు కొండ ఉంది. తను ఎక్కడ వేస్తే వాళ్ళు అక్కడ వేస్తారు. గుమాస్తా సంచిలో మిగిలిన పిండిని ఆయన ముందు నేలమీద పల్చగా జల్లించి, పెన్సిలు పట్టుకుని పక్కకి జరిగాడు.

రాజు కుడికాలు ఎత్తాడు.

వెనక మూడు వందల కుడికాళ్ళు లేచాయి.